దుకాణానికి చేరని రికార్డు: డెబ్బైల పాప్, గ్లామ్ ఆల్బమ్‌లు ఎక్కడ ఆగిపోయాయి?

1972లో అమెరికాలోని మెంఫిస్ నగరంలో నలుగురు కుర్రాళ్లు ఒక ఆల్బమ్ విడుదల చేశారు. బ్యాండ్ పేరు బిగ్ స్టార్. స్టూడియో దగ్గర్లో ఉన్న ఒక సూపర్ మార్కెట్ బోర్డు చూసి పెట్టుకున్న పేరు అది. ఆల్బమ్‌కి ధైర్యంగా ‘నంబర్ వన్ రికార్డ్’ అని పేరు పెట్టారు. పత్రికల్లో వచ్చిన సమీక్షలు చూస్తే ఆ పేరు నిజమయ్యేలాగే ఉంది. రాసినవాళ్లు మనస్ఫూర్తిగా మెచ్చుకున్నారు. అయితే ఆ సమీక్ష చదివి, జేబులో డబ్బులు పెట్టుకుని షాపుకి వెళ్లినవాళ్లకి చాలాచోట్ల రికార్డే దొరకలేదు. అప్పట్లో పది వేల కాపీలు కూడా అమ్ముడుపోలేదు.

మరుగున పడిన ఆల్బమ్ అనగానే ఎవరికైనా ఒకటే అనిపిస్తుంది. జనానికి నచ్చలేదు కాబట్టి పోయింది, బాగుంటే నిలిచేది కదా అని. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. ఒక్కో ఆల్బమ్ వెనక ఏం జరిగిందో వెతుక్కుంటూ వెళ్లాక ఆ నమ్మకం పోయింది. వీటిలో చాలావాటిని జనం కాదనలేదు, అసలు జనం దాకా అవి రాలేదు. స్టూడియోలో పాడే గొంతుకీ మన చెవికీ మధ్య ఎన్నో చేతులుంటాయి. రికార్డు కంపెనీ, దాని సరుకు దుకాణాలకి చేర్చే పంపిణీదారు, మేనేజరు, ఒప్పందం రాసిన లాయరు, రేడియోలో పాట ఎంచేవాడు, పత్రికలో రాసేవాడు. ఇందులో ఒక్క చెయ్యి జారినా పాట అక్కడే ఆగిపోతుంది. ఏ ఆల్బమ్ ఏ చేతి దగ్గర ఆగిందో తెలిస్తే, అది మళ్లీ ఎలా బయటికొచ్చిందో కూడా అర్థమవుతుంది.

బిగ్ స్టార్ విషయంలో జారింది పంపిణీ. వాళ్లు రికార్డింగ్ చేసింది ఆర్డెంట్ స్టూడియోలో. ఆ స్టూడియోకి సొంత లేబుల్, అంటే రికార్డులు విడుదల చేసే సంస్థ, ఉంది. అయితే దాని సరుకు బయటికి వెళ్లాల్సింది స్టాక్స్ అనే రికార్డు కంపెనీ ద్వారా. స్టాక్స్ సోల్ సంగీతానికి పెట్టింది పేరు. నల్లజాతి శ్రోతలు వెళ్లే దుకాణాలు, సోల్ పాటలు వేసే రేడియో స్టేషన్లు, అన్నీ దానికి కొట్టిన పిండి. గిటార్లతో, బీటిల్స్ వాసనతో వచ్చిన తెల్ల కుర్రాళ్ల పాటల్ని ఎక్కడికి తీసుకెళ్లాలో వాళ్లకి తెలియలేదు. అదే ఏడాది స్టాక్స్ తన పంపిణీని పెద్ద కంపెనీ అయిన కొలంబియాకి అప్పగించింది. కష్టాలు తీరతాయి అనుకుంటే ఇంకా ముదిరాయి. కొలంబియాకి స్టాక్స్‌తో కుదిరిన పొత్తు ఏడాది తిరక్కుండానే చెడింది. 1974లో వచ్చిన బిగ్ స్టార్ రెండో ఆల్బమ్ ‘రేడియో సిటీ’ ఆ గొడవల మధ్య ఇరుక్కుంది. దానికీ మంచి సమీక్షలే వచ్చాయి, అదీ దుకాణాల్లో దొరకలేదు. 1975 చివరికి స్టాక్స్ దివాలా తీసింది.

ఇంతకీ ఆ పాటల్లో ఏముంది? మొదటి ఆల్బమ్‌లో ‘థర్టీన్’ అనే పాట ఉంది. డ్రమ్స్ లేవు. రెండు అకూస్టిక్ గిటార్లు, మెల్లగా కలిసే గొంతులు, అంతే. బడి నుంచి ఇంటికి తోడు రానా అని ఒక అమ్మాయిని అడుగుతున్న కుర్రాడు. రెండున్నర నిమిషాలకే అయిపోతుంది. పాడిన అలెక్స్ చిల్టన్ అంతకుముందే, 16 ఏళ్లకే, బాక్స్ టాప్స్ అనే గుంపుతో ‘ద లెటర్’ పాట పాడి అమెరికా చార్టుల్లో మొదటి స్థానానికి వెళ్లొచ్చాడు. ఆ పాటలో బొంగురుగా, పెద్దవాడిలా పాడినవాడు, ఈ పాటలో కావాలని పిల్లాడి గొంతులోకి దిగొచ్చాడు. మొదటిసారి విన్నప్పుడు పాట అయిపోయాక తర్వాతి పాటకి వెళ్లలేక మళ్లీ మొదటికి వచ్చాను. ‘రేడియో సిటీ’లో ‘సెప్టెంబర్ గర్ల్స్’ వినండి. మూడు నిమిషాలు కూడా లేదు. గిటారు తీగలు చిన్న గంటల్లా మోగుతాయి, ఆ మెరుపు కింద గొంతు మాత్రం దిగులుగా ఉంటుంది. తర్వాతి రోజుల్లో ‘పవర్ పాప్’ అని పిలిచిన శైలికి ఇంతకంటే మంచి నమూనా నాకు కనపడలేదు.

ఇక గ్లామ్ రాక్ సంగతి. ఇది ప్రధానంగా బ్రిటన్ కథ. 1971లో టీ రెక్స్ బ్యాండ్ గాయకుడు మార్క్ బోలన్ ‘టాప్ ఆఫ్ ద పాప్స్’ అనే టీవీ కార్యక్రమంలో కళ్ల కింద తళుకులు అద్దుకుని పాడాడు. 1972 జులైలో డేవిడ్ బోవీ అదే కార్యక్రమంలో ‘స్టార్‌మన్’ పాడుతూ గిటారిస్టు మిక్ రాన్సన్ భుజం మీద చెయ్యేశాడు. మగవాళ్లు శాటిన్ బట్టలు, ఎత్తు మడమల బూట్లు, ముఖానికి రంగులు. వెనక దరువు మాత్రం చాలా సరళం: కాళ్లతో నేల తొక్కుతున్నట్టు డ్రమ్స్, చప్పట్లు, అందరూ కలిసి అరిచే పల్లవి. మన దగ్గర ఇంగ్లిష్ పాటలంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది ‘అబ్బా’ అనే స్వీడన్ బ్యాండ్. 1974లో వాళ్లు యూరోవిజన్ అనే యూరప్ పాటల పోటీ గెలిచిన ‘వాటర్లూ’ కూడా ఈ గాలి తగిలిన పాటే. రాయ్ వుడ్ నడిపిన విజర్డ్ బ్యాండ్ పాటల ప్రభావం అందులో ఉంది. ఆ దుస్తులు చూస్తేనే తెలుస్తుంది.

గ్లామ్ ఆల్బమ్‌లు మరుగున పడటానికి మొదటి కారణం చిన్న రికార్డుకీ పెద్ద రికార్డుకీ మధ్య ఉన్న అంతరం. అప్పటి బ్రిటన్‌లో రెండు రకాల శ్రోతలుండేవారు. జేబుఖర్చు డబ్బులతో ఒకటి రెండు పాటలుండే 7 అంగుళాల సింగిల్ కొనుక్కునే టీనేజ్ పిల్లలు ఒక వైపు. 12 అంగుళాల ఎల్పీ కొని, కవరు మీది అక్షరాలన్నీ చదివి, ఇరవై నిమిషాల పాటలు కూర్చుని వినే కాలేజీ కుర్రాళ్లు ఇంకో వైపు. పత్రికల్లో రాసేవాళ్లలో ఎక్కువమంది ఈ రెండో గుంపు. పదమూడేళ్ల అమ్మాయిలు కేరింతలు కొట్టే సంగీతంలో సరుకు ఏముంటుందిలే అన్న చిన్నచూపు వాళ్ల రాతల్లో ఉండేది. అది అన్యాయమని నా గట్టి అభిప్రాయం. తర్వాతి తరాలు చదివేది ఈ రాతల్నే. ‘అత్యుత్తమ ఆల్బమ్‌లు’ అనే జాబితాలు వాళ్ల చేతుల్లోనే తయారయ్యాయి. సింగిల్స్ బ్యాండ్ అని ముద్ర పడినవాళ్లు ఎంత మంచి ఆల్బమ్ చేసినా ఆ జాబితాల గడప తొక్కలేదు.

స్వీట్ బ్యాండ్‌నే తీసుకోండి. నిక్కీ చిన్, మైక్ చాప్‌మన్ అనే పాటల రచయితల జంట రాసిచ్చిన సింగిల్స్‌తో వాళ్లు బ్రిటన్‌ని ఊగించారు. తమకంటూ ఏదైనా చేసుకోవాలన్న పట్టుదలతో 1974లో ‘స్వీట్ ఫ్యానీ ఆడమ్స్’ ఆల్బమ్ చేశారు. ఎక్కువ పాటలు వాళ్లే రాసుకున్నారు. అంతకుముందు హిట్టయిన సింగిల్ ఒక్కటీ బ్రిటన్ ఎల్పీలో పెట్టలేదు. గాయకుడు బ్రయన్ కానలీకి కొంతకాలం ముందు ఒక గొడవలో గొంతుకి దెబ్బ తగలడంతో కొన్ని పాటలు మిగతావాళ్లు పాడాల్సి వచ్చింది. ఇంత ఇబ్బందిలో చేసిన రికార్డు ఇంత బిగుతుగా, ఇంత బరువుగా ఎలా వచ్చిందా అనిపిస్తుంది. బరువైన రాక్ వినేవాళ్లకి బాగా నచ్చాల్సింది. కవరు మీద స్వీట్ అన్న పేరు చూసి వాళ్లు ముట్టుకోలేదు. తళుకు పాటల కోసం వచ్చిన పిల్లలకి ఇది గట్టిగా అనిపించింది.

గ్లామ్ మరుగున పడటానికి ఇంకో బాధాకరమైన కారణం కూడా ఉంది. గ్లామ్ కాలంలో అందరికంటే ఎక్కువగా మోగిన పేర్లలో గ్యారీ గ్లిటర్ ఒకటి. పిల్లలపై లైంగిక నేరాలకు అతనికి 2015లో బ్రిటన్ కోర్టు 16 ఏళ్ల జైలుశిక్ష వేసింది. అంతకుముందు కూడా శిక్షలు పడ్డాయి. అతని పాటలు రేడియోలో వినపడకుండా పోయాయి, పోవాల్సిందే. కానీ ఆ నీడ అతనితో సంబంధం లేని వాళ్ల మీద, మొత్తం ఆ దరువు మీదే పడింది. గ్లామ్ గురించి ఇష్టంగా మాట్లాడటానికే చాలా ఏళ్లు జనం వెనకాడారు.

నాకు ఎక్కువ ఇష్టమైన గ్లామ్ ఆల్బమ్ కాక్నీ రెబెల్ బ్యాండ్ 1973లో చేసిన ‘ద హ్యూమన్ మినాజరీ’. రాక్ బ్యాండ్ అంటే ముందు ఎలక్ట్రిక్ గిటారు ఉండాలి కదా. స్టీవ్ హార్లీ దాన్ని పక్కన పెట్టి ఆ చోట వయొలిన్, ఎలక్ట్రిక్ పియానో పెట్టుకున్నాడు. ‘సెబాస్టియన్’ పాటలో ఆండ్రూ పవెల్ కూర్చిన ఆర్కెస్ట్రా ఉంటుంది, కోరస్ ఉంటుంది. పాట మెల్లగా, దాదాపు ప్రార్థనలా మొదలవుతుంది. హార్లీ పదాల్ని సాగదీస్తాడు, విరుస్తాడు, ఒక్కోసారి ఉమ్మేసినట్టు పలుకుతాడు. పల్లవి దగ్గర కోరస్ గొంతులన్నీ ఒక్కసారిగా లేచేసరికి ఒళ్లు జలదరిస్తుంది. దాదాపు ఏడు నిమిషాల ఈ పాటని కంపెనీ సింగిల్‌గా వదిలింది. బ్రిటన్‌లో అది కదల్లేదు, ఆల్బమ్ కూడా చార్టుల్లోకి రాలేదు. కాస్త సముద్రం దాటి నెదర్లాండ్స్, బెల్జియంలలో అదే పాట పెద్ద హిట్. పాట ఒకటే, గొంతు ఒకటే. ఒకచోట వినిపించింది, ఇంకోచోట వినిపించలేదు. బాగుంటే ఎలాగూ నిలుస్తుందని ఎవరైనా అన్నప్పుడు నాకు ఈ పాటే గుర్తొస్తుంది. 1975లో హార్లీ ‘మేక్ మీ స్మైల్’తో బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లాడు. ఇప్పటికీ అతని పేరు చెబితే ఆ ఒక్క పాటే చెబుతారు.

ప్రచారం తక్కువై పోయినవి కొన్ని ఉంటే, ఎక్కువై పోయినవీ ఉన్నాయి. జోబ్రయత్ అమెరికాలో ఎలెక్ట్రా కంపెనీ తెచ్చిన గ్లామ్ గాయకుడు. తాను గే అని దాచకుండా చెప్పుకుని పెద్ద కంపెనీతో ఒప్పందం చేసుకున్న మొదటి రాక్ గాయకుడిగా అతన్ని చెబుతారు. 1973లో మొదటి ఆల్బమ్ వచ్చేసరికి న్యూయార్క్‌లోని టైమ్స్ స్క్వేర్ కూడలిలో అతని బొమ్మతో పెద్ద హోర్డింగ్, బస్సుల మీద పోస్టర్లు. పాట వినకముందే పేరు వినీ వినీ జనానికి విసుగొచ్చింది. పత్రికలు బోవీకి నకలు అని కొట్టిపారేశాయి. ఆ మాటల వెనక అతను గే కావడం మీది అయిష్టం ఎంతుందో ఇప్పుడు చదువుతుంటే తెలిసిపోతుంది. నిజానికి అతని పియానోలో బోవీ కంటే నాటకరంగం ఎక్కువ వినిపిస్తుంది. ‘హెయిర్’ అనే సంగీత నాటకంలో నటించి వచ్చినవాడు మరి. 1974లో రెండో ఆల్బమ్ కూడా తన్నేయడంతో అతని రాక్ జీవితం ముగిసింది. న్యూయార్క్‌లో చెల్సీ హోటల్‌లో ఉంటూ, వేరే పేరుతో కాబరేల్లో, అంటే పాటలు నడిచే రాత్రి క్లబ్బుల్లో, పియానో వాయిస్తూ బతికాడు. 1983లో ఎయిడ్స్‌తో చనిపోయేనాటికి వయసు 36. 2004లో గాయకుడు మోరిసీ చొరవతో అతని పాటల సంకలనం వచ్చింది. 2012లో డాక్యుమెంటరీ వచ్చింది.

ఒప్పందం కాగితాలు చంపిన ఆల్బమ్‌లు ఇంకో తీరు. ఎమిట్ రోడ్స్ అనే కుర్రాడు కాలిఫోర్నియాలో అమ్మానాన్నల ఇంటి గ్యారేజీలో వాయిద్యాలన్నీ తానే వాయించి 1970లో సొంత పేరుతో ఒక ఆల్బమ్ చేశాడు. బీటిల్స్‌లోని పాల్ మెకార్ట్నీ పాడాడేమో అనిపించే రికార్డు. అతను సంతకం పెట్టిన కాగితంలో ఆరు నెలలకో ఆల్బమ్ ఇవ్వాలని ఉంది. ఒక్కడే కూర్చుని ఒక్కో వాయిద్యం ఎక్కించుకునే మనిషికి అది సాధ్యమయ్యే పనేనా? ఆలస్యమైతే కంపెనీ కేసు వేసింది. ఇరవై నాలుగేళ్లు నిండే వేళకే అతను పాడటం ఆపేశాడు. తర్వాతి ఆల్బమ్ వచ్చింది 2016లో.

బ్యాడ్‌ఫింగర్ కథ చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. బీటిల్స్ సొంత కంపెనీ ఆపిల్ తీసుకున్న బ్యాండ్ అది. పీట్ హామ్, టామ్ ఎవాన్స్ కలిసి రాసిన ‘వితౌట్ యూ’ వాళ్ల 1970 ఆల్బమ్‌లో ఒక మామూలు పాటగా ఉండిపోయింది. హ్యారీ నిల్సన్ పాడితే 1972లో అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మొదటి స్థానం. 1994లో మరైయా క్యారీ పాడితే మళ్లీ హిట్. రాసినవాళ్ల పేర్లు మాత్రం చాలామందికి తెలియవు. 1974 చివర్లో వార్నర్ బ్రదర్స్ రికార్డు కంపెనీ కోసం వాళ్లు ‘విష్ యు వర్ హియర్’ చేశారు. వాళ్ల ఆల్బమ్‌లలో ఇదే ఉత్తమం అనేవాళ్లు చాలామంది, నేనూ ఆ మాటే అంటాను. ఒప్పందం కింద ఒక ఖాతాలో ఉండాల్సిన అడ్వాన్సు డబ్బు కనపడటం లేదని వార్నర్ కోర్టుకెళ్లింది, కొన్ని వారాలకే ఆల్బమ్‌ని దుకాణాల నుంచి వెనక్కి తీసుకుంది. డబ్బు వ్యవహారాలు చూసిన మేనేజరు చేతిలో ఇరుక్కుని, చేతిలో చిల్లిగవ్వ లేక, పీట్ హామ్ 1975 ఏప్రిల్‌లో ఆత్మహత్య చేసుకున్నాడు. 27 ఏళ్లు. ఎనిమిదేళ్ల తర్వాత టామ్ ఎవాన్స్ కూడా అదే దారిలో వెళ్లిపోయాడు. అదే 1975లో పింక్ ఫ్లాయిడ్ సరిగ్గా అదే పేరుతో ఆల్బమ్ తెచ్చింది. ఈరోజు ఎవరైనా ఆ పేరు కొట్టి వెతికితే పేజీల కొద్దీ పింక్ ఫ్లాయిడే వస్తుంది. వెతుక్కునేటప్పుడు బ్యాండ్ పేరు కూడా కలిపి కొట్టండి.

వీటన్నిటికీ తోడు కాలం కూడా కలిసిరాలేదు. రికార్డులు తయారయ్యే పీవీసీ పెట్రోలియం నుంచి వచ్చేదే. 1973 చివర్లో చమురు సంక్షోభం రావడంతో ప్లాస్టిక్ ధర పెరిగింది, కొరత వచ్చింది. ఉన్న సరుకు ముందు ఎవరికి వాడతారు? పేరున్నవాళ్లకే. కొత్తవాళ్ల రెండో విడత ముద్రణ ఆగిపోతుంది. మిగిలిపోయిన ఎల్పీలకి అమెరికాలో ఇంకో గతి ఉండేది. కవరు మూల కత్తిరించి లేదా చిల్లు పొడిచి, చవక బుట్టలో పడేసేవారు. కళాకారుడికి పైసా రాదు. విచిత్రం ఏంటంటే, తర్వాతి తరం కుర్రాళ్లకి ఈ ఆల్బమ్‌లలో చాలావి దొరికింది ఆ బుట్టల్లోనే.

బయటికి రావడం అలాగే మొదలైంది, ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి. బిగ్ స్టార్ రికార్డులు కొన్నవాళ్లు కొద్దిమందే, వాళ్లలో సొంత బ్యాండ్ పెట్టుకున్నవాళ్లు చాలామంది. ఆర్.ఈ.ఎమ్. బ్యాండ్ వాళ్లు కనపడిన ప్రతివాళ్లకీ ఆ పేరు చెప్పారు. బ్యాంగిల్స్ బ్యాండ్ వాళ్లు 1986లో ‘సెప్టెంబర్ గర్ల్స్’ని తమ ఆల్బమ్‌లో పాడారు. ఆ ఆల్బమ్ లక్షల్లో అమ్ముడుపోయింది. 1987లో రీప్లేస్‌మెంట్స్ అనే బ్యాండ్ ఏకంగా ‘అలెక్స్ చిల్టన్’ అనే పేరుతోనే పాట కట్టారు. 1998లో అమెరికా టీవీలో ‘దట్ సెవెంటీస్ షో’ మొదలైనప్పుడు దాని టైటిల్ పాటగా బిగ్ స్టార్ మొదటి ఆల్బమ్‌లోని ‘ఇన్ ద స్ట్రీట్’ని వేరేవాళ్ల గొంతుతో వాడారు. డెబ్బైలలో దాదాపు ఎవరూ వినని పాట, తొంభైలలో డెబ్బైలకి గుర్తుగా మారింది.

సీడీలు రావడం రెండో మలుపు. పాత టేపులు గోదాముల్లో పడి ఉన్న కంపెనీలకి, కొత్త ఖర్చు లేకుండా అమ్ముకునే సరుకు తమ దగ్గరే ఉందని అర్థమైంది. అయితే టేపు ఉంటే సరిపోదు. హక్కులు ఎవరివో తేలాలి. దివాలా తీసిన కంపెనీ ఆస్తి ఎవరెవరి చేతులు మారిందో కాగితాలు దొరకాలి. అన్నిటికంటే ముందు, ఇది వెనక్కి రావాలని పట్టుబట్టే మనిషి ఒకడు ఆఫీసులో ఉండాలి. నాకు తెలిసి ఇలా వెనక్కొచ్చిన ప్రతి ఆల్బమ్ వెనకా అలాంటి మొండిమనిషి ఒకరున్నారు. బిగ్ స్టార్ మొదటి ఆల్బమ్ తర్వాత బయటికొచ్చేసిన క్రిస్ బెల్ 1978 డిసెంబర్‌లో కారు ప్రమాదంలో చనిపోయాడు. అతనికీ 27 ఏళ్లే. బతికుండగా అతని సోలో రికార్డు ఒక్క సింగిల్ మాత్రమే వచ్చింది. మిగిలిన పాటలు ‘ఐ యామ్ ద కాస్మోస్’ ఆల్బమ్‌గా రైకోడిస్క్ కంపెనీ ద్వారా వచ్చింది 1992లో.

గ్లామ్‌కి వచ్చేసరికి ఈ పని ఇంకా కింది నుంచి జరిగింది. లండన్ పాత సామాన్ల దుకాణాల్లో చిల్లర డబ్బులకి దొరికే, ఎవరూ పేరు వినని గ్లామ్ సింగిల్స్‌ని కొందరు సంగీతకారులు ఏరడం మొదలుపెట్టారు. దానికి ‘జంక్‌షాప్ గ్లామ్’ అని పేరు కూడా వచ్చింది. 2003లో వాటితో ‘వెల్వెట్ టిన్‌మైన్’ అనే సంకలనం తెచ్చారు. హెక్టర్, ఐరన్ వర్జిన్ లాంటి బ్యాండ్లు అలా మళ్లీ వినపడ్డాయి. ఉన్నమాట చెప్పాలంటే ఏరి తెచ్చినవన్నీ రత్నాలు కావు. చాలా పాటల్లో ఒక మంచి పల్లవి ఉంటుంది, మిగతాదంతా దాని చుట్టూ నింపిన దరువు. దొరకలేదు కాబట్టి గొప్పది అనే మోజు, దొరకలేదు కాబట్టి చెత్త అనే మాటంత తప్పు. అయితే ఆ ఒక్క పల్లవి కోసం కూడా వినొచ్చు.

ఇప్పుడు ఇవన్నీ ఫోనులోనే ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే నేను ముందు ‘రేడియో సిటీ’ చెబుతాను, ఆ తర్వాత ‘ద హ్యూమన్ మినాజరీ’. సరదాగా ఉండాలంటే రాయ్ వుడ్ 1973లో తెచ్చిన ‘బౌల్డర్స్’. దాదాపు వాయిద్యాలన్నీ తనే వాయించాడు, కవరు బొమ్మ కూడా తనే వేసుకున్నాడు. అందులో ‘వేక్ అప్’ పాటకి తాళం నీళ్ల మీద చేత్తో కొట్టిన చప్పుడు. ఒక ఆల్బమ్‌కి మూడు నాలుగు రీమాస్టర్లు, అంటే పాత టేపు నుంచి ధ్వని మళ్లీ సరిదిద్దిన రూపాలు, కనపడితే పాతదీ కొత్తదీ ఒకసారి పక్కపక్కన వినండి. కొన్ని కొత్తవాటిలో మోత పెంచేశారు, నెమ్మదిగా ఉండాల్సిన చోట కూడా అరుస్తున్నట్టు ఉంటుంది. విడి పాటలుగా కాకుండా వరసలో వినండి. ఏ పాట తర్వాత ఏది రావాలో వాళ్లు రాత్రుళ్లు కూర్చుని పేర్చుకున్న వరస అది.

అలెక్స్ చిల్టన్ 2010 మార్చిలో చనిపోయాడు. నాలుగు నెలల తర్వాత బాస్ గిటారు వాయించిన ఆండీ హమ్మెల్ పోయాడు. మొదటి నలుగురిలో ఇక మిగిలింది డ్రమ్మర్ జోడీ స్టీఫెన్స్ ఒక్కడే. ‘నంబర్ వన్ రికార్డ్’కి యాభై ఏళ్లు నిండిన 2022లో అతను ఆ పాటలు పట్టుకుని కచేరీలకి బయల్దేరాడు. పక్కన నిలబడి బాస్ వాయిస్తూ, పాడింది ఆర్.ఈ.ఎమ్. బ్యాండ్‌కి చెందిన మైక్ మిల్స్.